అంకమ్మ అడ్మిషన్

మా సూపరింటెండెంట్ డాక్టర్ పానకాలరావు గారు రాజధానిలో మూడు రోజుల సదస్సుకు వెళ్ళి వచ్చారు. సదస్సు పేరు "ఆరోగ్యం, సంరక్షణ: దీర్ఘకాలిక ప్రపంచ ధోరణులు". వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో చిన్న సూట్‌కేసు ఒక్కటే ఉంది. వచ్చేటప్పుడు దానితో పాటు ఒక గోనెగుడ్డ సంచి, మెడలో వేలాడే కార్డు, నూట నలభై పేజీల పుస్తకం ఉన్నాయి. సంచి వల్ల గానీ కార్డు వల్ల గానీ ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

నేను ఆ జిల్లా ఆసుపత్రిలో అడ్మిషన్ కౌంటర్ గుమాస్తాను. పేరు చిదానందం. వచ్చినవాళ్ళ పేరు, ఊరు, వయసు, జబ్బు రాసుకుని, నంబరు వేసి, వార్డుకు పంపడం నా పని. ఇరవై రెండేళ్ళుగా అదే చేస్తున్నాను కనుక, జరిగింది జరిగినట్టు రాయడం అలవాటైంది. ఇదీ అలాగే రాస్తున్నాను.

పుస్తకం ఇంగ్లీషులో ఉండి ఉంటే గొడవే లేకపోయేది. సూపరింటెండెంట్ గారు దాన్ని బీరువాలో పెట్టేసేవారు. కానీ అధికార భాష మీద గౌరవం కొద్దీ సదస్సు పెట్టినవాళ్ళు దాన్ని తెలుగు చేయించారు. అరవై మూడో పేజీలో ఇలా ఉంది: "ప్రపంచవ్యాప్తంగా వృద్ధులకు, రోగులకు అందుతున్న సంరక్షణలో అధిక భాగం అనధికారిక సంరక్షకుల చేతుల మీదుగా సాగుతోంది. రానున్న దశాబ్దాలలో ఈ ధోరణి మరింత పెరగనుంది. ప్రభుత్వాలు వీరిపై తక్షణమే దృష్టి సారించాలి."

రాసినవాళ్ళ ఉద్దేశం ఇంట్లో మనుషుల గురించి. భార్యలు, తల్లులు, కూతుళ్ళు, రోగి పక్కన కూర్చుని జీతం లేని చాకిరీ చేసేవాళ్ళు. వాళ్ళను కాస్త పట్టించుకోండయ్యా అని. మా సూపరింటెండెంట్ గారికి మాత్రం అనధికారికం అన్న మాటకు ఒకటే అర్థం తెలుసు. ఆసుపత్రి ప్రహరీని ఆనుకుని అనధికారికంగా వెలసిన టీ బడ్డీల మీద ఆయన ఏటా రెండుసార్లు దృష్టి సారిస్తారు. జేసీబీతో.

సోమవారం పొద్దున సమావేశం పెట్టారు.

"మన ఆసుపత్రిలో ఎంతమంది అనధికారిక సంరక్షకులు చలామణీ అవుతున్నారో మీలో ఎవరికైనా అవగాహన ఉందా?" అని అడిగారు.

ఎవరికీ లేదు. హెడ్ నర్సు ఎస్తేరు రాణి గారు లేచారు. ఆమెకు ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసు. "ఎవరు సార్ వాళ్ళు? మా వార్డుల్లో అట్టాంటోళ్ళు లేరే!"

"ప్రతి మంచం పక్కనా ఒకరున్నారు సిస్టర్. అన్నం తినిపిస్తున్నారు. ఒళ్ళు తుడుస్తున్నారు. అర్హత లేదు, శిక్షణ లేదు, గుర్తింపు కార్డు లేదు. మన కళ్ళెదుటే ఈ వ్యవస్థ వేళ్ళూనుకుపోయింది."

"వాళ్ళు అటెండెంట్లు సార్. పేషెంటు తాలూకు మనుషులు."

"తాలూకు అనే పదానికి వైద్యశాస్త్రంలో స్థానం లేదు."

"రెండొందల మంచాలు సార్," అన్నారు ఎస్తేరు రాణి గారు. "నర్సులం పదకొండు మందిమి. అందులో ముగ్గురు కాన్పు సెలవులో ఉన్నారు. బెడ్‌పాన్ ఎవరు పెడతారు?"

సూపరింటెండెంట్ గారు జాలిగా నవ్వారు. "మీరు ఈ రోజు గురించి ఆలోచిస్తున్నారు సిస్టర్. నేను రెండువేల అరవై గురించి ఆలోచిస్తున్నాను."

"అప్పటిదాకా వాళ్ళు ఆపుకోలేరు సార్."

సిస్టర్ గారి ఆందోళన సహేతుకమైనదిగా భావించి నమోదు చేయడమైనది అని మినిట్స్‌లో రాయించారు. ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ వచ్చింది. ఒకటో తేదీ నుండి ఆసుపత్రి లోపలి భాగమున రోగులు, అధీకృత సిబ్బంది తప్ప అన్యులు ఉండరాదు.

ఒకటో తేదీ ఉదయం ఎనిమిదింటికి సెక్యూరిటీ వాళ్ళు విజిల్ ఊదుతూ వార్డులన్నీ తిరిగారు. జనం చాపలు చుట్టుకుని, ఫ్లాస్కులు, టిఫిన్ క్యారియర్లు పట్టుకుని గేటు బయటికి నడిచారు. తొమ్మిదింటికల్లా మా ఆసుపత్రి పుస్తకంలో బొమ్మలా అయింది. తొమ్మిదింబావుకు కేకలు మొదలయ్యాయి.

మా స్టాకు రిజిస్టరు ప్రకారం సెలైన్ స్టాండ్లు రెండు వందలు. నిజానికి వాటిలో చాలావాటికి పేర్లుండేవి, చుట్టరికాలుండేవి. ఒక స్టాండు భార్య, ఒకటి తమ్ముడు, ఒకటి మేనత్త. అవన్నీ ఇప్పుడు గేటు బయట నిలబడి ఉన్నాయి. ఎక్స్‌రే గదికి స్ట్రెచర్ తోసేవాళ్ళు లేరు. మందులు తెచ్చేవాళ్ళు లేరు. ఎనిమిది మంది నర్సులు కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు పరుగెత్తుతున్నారు.

అన్నిటికన్నా పెద్ద గొంతు పై అంతస్తు మగవాళ్ళ ఎముకల వార్డు నుంచి వినిపించింది. యలమంద అని, మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. యాభై ఎనిమిదేళ్ళు. లారీ మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ వంతు వచ్చేదాకా కాలికి ఇటుకలు కట్టి వేలాడదీశారు. ఆయన భార్య అంకమ్మ గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా ఆవరణ అంతా ఉంది.

"అంకమ్మా! ఒసే అంకమ్మా!"

"ఏందయ్యా! ఒంటికా, రెంటికా?"

"ఒంటికే!"

"కిటికీలో సీసా పెట్టొచ్చా, అందుకో!"

"అందట్లేదే!"

"పక్కాయన్ని ఇమ్మను!"

"ఆయనకి చేతులు రెండిటికీ కట్టు గట్టారే!"

"ఆ పక్కాయన్నడుగు!"

"ఆయన స్పృహలో లేడే!"

సూపరింటెండెంట్ గారు గదిలోంచి బయటికి వచ్చి కాసేపు విన్నారు. "సంధి దశలో కొంత శబ్దం సహజం," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

పదకొండింటికి అంకమ్మ నా కౌంటర్ ముందుకు వచ్చింది. కౌంటర్ గేటు పక్కనే కనుక అక్కడిదాకా ఎవరైనా రావచ్చు. యాభై ఏళ్ళు దాటిన మనిషి. మిరపకాయల తొడిమలు తీసీ తీసీ వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి. నేనేదో రూలు చదివి వినిపించబోయాను. ఆమెకు అంత ఓపిక లేదు.

"లోపలికి ఎవరు పోవచ్చు బాబూ? అది చెప్పు."

"పేషెంట్లు, స్టాఫ్."

"స్టాఫంటే చదువుండాల. పేషెంటంటే?"

"జబ్బుండాలి."

"అయితే నన్ను పేషెంటుగా రాసుకో."

"ఏం జబ్బమ్మా?"

సంతలో కూరగాయల ముందు నిలబడ్డట్టు ఆమె కాసేపు ఆలోచించింది. "ఏ జబ్బయితే మా ఆయన దగ్గిర్లో పడేస్తారు?"

"ఎముకల జబ్బయితే."

"అయితే ఎముకల్లో ఏది తేలిగ్గా ఉంటే అది రాయి."

నేను పెన్ను పట్టుకుని ఆగిపోయాను. పైనుంచి మళ్ళీ "అంకమ్మా!" అని వినిపించింది. ఈసారి ఆ గొంతులో ఏడుపు ఉంది. నడుము నొప్పి అని రాశాను.

నా కౌంటర్ పక్కనే కూర్చునే డ్యూటీ డాక్టరమ్మకు ఇంకా ఇరవై ఆరేళ్ళు నిండలేదు. పద్ధతి ప్రకారం ప్రశ్న అడిగింది. "నడుము నొప్పి ఎప్పటినుంచి?"

"ఎప్పుడు లేదమ్మా?" అంది అంకమ్మ.

డాక్టరమ్మ నడుము మీద వేలు పెట్టి నొక్కింది. అంకమ్మ కెవ్వుమంది. తర్వాత మా ఇద్దరి వంకా చూసి, "అరె, నిజంగానే ఉందే!" అని తనే ఆశ్చర్యపోయింది.

చీర మీదే పచ్చ గౌను తొడిగి, చేతికి నంబరు పట్టీ కట్టి పైకి పంపాము. మగవాళ్ళ ఎముకల వార్డుకూ ఆడవాళ్ళ ఎముకల వార్డుకూ మధ్య ఒక వరండా ఉంది. ఎస్తేరు రాణి గారు కేస్ షీటు తీసుకుని స్వయంగా చికిత్స రాశారు. రోజుకు పన్నెండుసార్లు వరండాలో నడవాలి. వంగి లేవాలి. సగం నీళ్ళతో బకెట్ మోయాలి. చేయి నోటి ఎత్తుకు లేపి దించాలి, మూడు పూటలా.

"నడుము నొప్పికి బకెట్ ఏంటి సిస్టర్?" అని డాక్టరమ్మ అడిగింది.

"ధోరణి డాక్టర్," అన్నారు సిస్టర్.

మర్నాడు నేను వచ్చేసరికి నా కౌంటర్ ముందు లైను బస్సు స్టాండు దాకా ఉంది. అందరూ సంగతి తెలుసుకునే వచ్చారు. "కళ్ళు తిరగడం రాయి సార్, మా అమ్మ జనరల్ వార్డులో ఉంది." "నాకు ఆయాసం. నిన్న మా చెల్లెలికి వచ్చినట్టే." కడుపునొప్పులు, తలనొప్పులు, తిమ్మిర్లు రాసీ రాసీ నాకు నిజంగానే మణికట్టు పట్టేసింది. ఎనభై ఒక్క ఏళ్ళ తాత ఒకాయన మనవరాలికి తోడుండటానికి వచ్చాడు. ఏ జబ్బు చెప్పినా ఒప్పుకోడు. "నాకా? జొరమంటే ఎట్టా ఉంటదో తెలీదు నాకు! అబద్ధం రాస్తే ఊరుకోను," అని బల్ల గుద్దాడు. చివరికి "వయసుకు తగిన జబ్బులు లేకపోవుట, పరిశీలన నిమిత్తం" అని రాసి చేర్చుకున్నాము.

మూడు రోజుల్లో రెండు వందల మంచాల ఆసుపత్రిలో మూడు వందల అరవై ముగ్గురు రోగులయ్యారు. మంచం మీది వాళ్ళను ఎగువ పడక అనీ, మంచం కింది వాళ్ళను దిగువ పడక అనీ రిజిస్టరులో రాసుకున్నాము. అప్పటికీ చాలక, ఎముకల వార్డుల మధ్య వరండాలోకి కొన్ని మంచాలు లాగి, పరుపులు పరిచి, ఆడా మగా తేడా లేకుండా ఉమ్మడి వార్డు అని బోర్డు పెట్టాము. సెలైన్ సీసాలు మళ్ళీ గాల్లోకి లేచాయి. స్ట్రెచర్లు కదిలాయి. ఆసుపత్రి మునుపటిలాగే నడవసాగింది. కాకపోతే ఇప్పుడందరూ పచ్చ గౌన్లలో ఉన్నారు.

నాలుగో రోజు సూపరింటెండెంట్ గారు రౌండ్స్‌కు వచ్చారు. ఉమ్మడి వార్డులో అంకమ్మ తన మొగుడికి పెరుగన్నం ముద్దలు చేసి పెడుతోంది. ఆపరేషన్ అయి, తొడలో రాడ్డు వేసి, ఆయన్ని ఆ వరండాలోకి మార్చారు. ఆయన నోరు తెరవడం తప్ప వేరే శ్రమ తీసుకోవడం లేదు.

"ఈమె ఎవరు?"

"పేషెంటు సార్. నడుము నొప్పి," అన్నారు ఎస్తేరు రాణి గారు.

"మరి ఆయనకెందుకు అన్నం పెడుతోంది?"

"ఫిజియోథెరపీ సార్. చేయి నోటి ఎత్తుకు లేపి దించాలి."

"ఎవరి నోటి ఎత్తుకు?"

"షీట్‌లో అది రాయలేదు సార్."

ఆయన వార్డంతా కలయజూశారు. ఆయాసం మనిషి జ్వరం మనిషికి కాళ్ళు పడుతున్నాడు. కళ్ళు తిరిగే ఆమె ముసలావిడను బాత్రూముకు నడిపిస్తోంది. అటెండెంటన్నవాడు మచ్చుకు ఒక్కడు లేడు. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశారా సిస్టర్! అనధికారిక శక్తులను తొలగించగానే రోగుల్లో అంతర్గత చైతన్యం ఎలా పెల్లుబికిందో! ప్రపంచం ఇంకా ఈ దశకు రాలేదు."

ఆ సాయంత్రమే రాజధానికి నివేదిక వెళ్ళింది. అందులో దీనికి "పరస్పర రోగి స్వావలంబన నమూనా" అని పేరు పెట్టారు. పడకల వినియోగం నూట ఎనభై ఒక్క శాతం, అటెండెంట్లు సున్న. వారంలో జవాబు వచ్చింది. రాష్ట్ర మూల్యాంకన సంఘం ఈ నమూనాను స్వయంగా పరిశీలించగలదని, ఈలోగా ఇన్‌పేషెంట్లందరికీ నిబంధనల మేరకు పూర్తి పరీక్షలు జరిపి రిపోర్టులు కేస్ షీట్లకు జతపరచవలెనని.

అది చదివి వెంటనే రిజిస్టరు తెరిచి లెక్క చూసుకున్నాను. నూట అరవై మూడు మంది ఆరోగ్యవంతులకు నేను నా చేతులతో జబ్బులు రాశాను. రక్తం అబద్ధం చెప్పదు కదా. రిపోర్టులన్నీ శుభ్రంగా వస్తాయి, నా ఉద్యోగం శుభ్రంగా పోతుంది. ఎస్తేరు రాణి గారి దగ్గరికి వెళ్ళి మొర పెట్టుకున్నాను. "ప్రార్థన చేస్తాలే చిదానందం గారూ," అన్నారు ఆమె. ఏమని ప్రార్థించారో నాకు తెలియదు. నేను మాత్రం ఆ నూట అరవై మూడు మందికీ ఏదో ఒకటి ఉండాలని మొక్కుకున్నాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు రోజుల పాటు ల్యాబ్ వాళ్ళు అందరి దగ్గరా రక్తం తీశారు. మూడో రోజు రిపోర్టుల కట్ట నా బల్ల మీదికి వచ్చింది. ఒక్కొక్కటే తీసి షీట్లకు గుచ్చుతూ పోయాను. పది గుచ్చేసరికి చేయి ఆగిపోయింది.

నేను కడుపునొప్పి అని రాసినామెకు మూత్రపిండాలు సరిగా లేవు. కళ్ళు తిరగడం అని రాసినామె ఒంట్లో రక్తం సగమే ఉంది. ఆయాసం మనిషికి నిజంగానే ఊపిరితిత్తుల జబ్బు. నూట అరవై మూడు మందిలో నూట ఇరవై తొమ్మిది మందికి వైద్యం కావాలి. వాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి ఎవరో ఒకరి మంచం పక్కన కూర్చుని, డాక్టరు వచ్చినప్పుడల్లా లేచి నిలబడి, వేరేవాళ్ళ నొప్పి గురించి చెప్పుకున్నవాళ్ళే. నీ సంగతేమిటని వాళ్ళను ఎవరూ అడగలేదు. రిజిస్టరులో ఆ గడి లేదు. ఎనభై ఒక్క ఏళ్ళ తాతకు మాత్రం ఏమీ లేదని తేలింది. ఆయన రిపోర్టును ల్యాబ్‌లో గోడకు అంటించుకున్నారు.

అంకమ్మ షుగరు నాలుగు వందల పద్దెనిమిది.

డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని వరండాలోకి పరుగున వచ్చింది. "అమ్మా, కాళ్ళు చూపించు."

"కాళ్ళెందుకమ్మా? నాది నడుం గదా," అంటూ అంకమ్మ కాళ్ళు చీర కిందికి లాక్కుంది. బలవంతంగా చూస్తే కుడి పాదానికి పాత గుడ్డ చుట్టి ఉంది. విప్పితే చిటికెన వేలూ పక్క వేలూ నల్లబడి ఉన్నాయి.

"ఎన్నాళ్ళయింది?"

"ఈయన లారీ మీంచి పడకముందే. కల్లంలో ఏందో గుచ్చుకుంది. నొప్పి లేదుగా, పట్టించుకోలా."

"నొప్పి లేకపోవడమే జబ్బమ్మా," అంది డాక్టరమ్మ. "రెండు వేళ్ళు తీసేయాలి. ఇంకో నెల ఇలాగే తిరిగి ఉంటే మోకాలి దాకా పోయేది."

యలమంద మంచం మీద లేచి కూర్చున్నాడు. పెరుగన్నం గిన్నె ఇంకా ఒళ్ళోనే ఉంది. "దానికేందమ్మా? అది గట్టి మనిషమ్మా. దానికేం కాదు. ముప్ఫై ఏళ్ళనించి చూస్తన్నాగా నేను, ఒక్క రోజు పడుకోలా అది!"

"పడుకోలేదని నువ్వు చూశావు. ఎందుకు పడుకోలేదో చూశావా?" అన్నారు ఎస్తేరు రాణి గారు.

ఆయన ఒళ్ళోని గిన్నె తీసి పక్కన పెట్టాడు.

అంకమ్మ నా కోసం కబురు పెట్టింది. వెళితే, "నువ్వే గదయ్యా రాసింది నాకు జబ్బని. కొట్టెయ్యి," అంది. "నేను పడుకుంటే ఈయనకి ఉడుకునీళ్ళు ఎవరు పెడతారు?"

"నేను రాసింది ఇది కాదమ్మా," అన్నాను. "ఇది ముందునుంచే ఉంది."

ఈ సంగతి తెలిసి సూపరింటెండెంట్ గారు కుంగిపోతారనుకున్నాము. లేదు. "నేను మొదటినుంచీ చెబుతున్నదేమిటి?" అన్నారు. "అనధికారిక సంరక్షకుల మీద తక్షణమే దృష్టి సారించాలని! సారించకపోతే ఈ నూట ఇరవై తొమ్మిది కేసులు బయటపడేవా?" ఆయన సర్వీసులో చేసిన అతి మంచి పని అదే. ఆ పని ఏమిటో మాత్రం ఆయనకు తెలియదు.

శుక్రవారం అంకమ్మకు ఆపరేషన్ అయింది. అదే రోజు యలమందకు డిశ్చార్జి రాశారు. రాడ్డు కుదురుకుంది, చంకకర్రలతో ఇంటికి పోవచ్చని. డిశ్చార్జి అయినవాడు రోగి కాడు, రోగి కానివాడు లోపల ఉండరాదు. సెక్యూరిటీ వాళ్ళు మర్యాదగానే గేటు దాటించారు.

రెండు రోజుల తర్వాత ఆయన నా కౌంటర్ ముందు చంకకర్రల మీద వేలాడుతూ కనిపించాడు. చొక్కా గుండీలు ఒకదానివి ఒకదానికి పెట్టుకున్నాడు. గడ్డం పెరిగింది.

"ఆమెకెట్టా ఉందయ్యా?"

"బాగుంది. పడుకుని ఉంది."

"పడుకునుందా?" ఆ మాట వినడమే ఆయనకు భయంగా ఉంది. "నన్ను మళ్ళీ రాసుకో బాబూ. నీకు దణ్ణం పెడతా."

"అదే జబ్బుతో ముప్ఫై రోజుల దాకా మళ్ళీ చేర్చుకోడానికి కంప్యూటర్ ఒప్పుకోదు. వేరే జబ్బు ఉండాలి."

ఆయన బల్ల మీద మోచేతులు ఆనించాడు. "రెండు రోజుల్నించి అన్నం తిన్లేదయ్యా. బియ్యం యాడున్నయ్యో తెలీదు. పొయ్యి ఎలిగించాను గానీ, ఎసరు ఎంత పోయాలో తెలవక ఆర్పేశా. లుంగీ దొరకలా. ఇంట్లో ఏది యాడ పెట్టిద్దో నాకు తెలవదు. అదక్కడ పడుకునుంటే మంచినీళ్ళన్నా ఎవరిస్తారు? నాకిదంతా చాతగాదయ్యా. కానీ పోవాల."

డ్యూటీ డాక్టరమ్మ పక్కనే నిలబడి అంతా వింది. అడ్మిషన్ కాగితం నా చేతిలోంచి తీసుకుని, గుండ్రటి అక్షరాలతో తనే రాసింది: "స్వయంగా ఏ పనీ చేసుకోలేకపోవుట. దీర్ఘకాలికం. వివాహమైన నాటి నుండి." కంప్యూటర్ మారు మాట్లాడకుండా నంబరు ఇచ్చింది.

చికిత్స ఎస్తేరు రాణి గారు రాశారు. చాలా కటువైన చికిత్స అది. ఉమ్మడి వార్డులో అంకమ్మ పక్క మంచమే ఇచ్చి, మొదటి రోజే తడిగుడ్డ చేతికిచ్చి, "ముఖం తుడువు," అన్నారు. బల్ల తుడిచినట్టు తుడిచాడు. "ఊడొచ్చుద్దయ్యా ముక్కు!" అంది అంకమ్మ. మందులు పొద్దుటివీ సాయంత్రానివీ కలిపేశాడు. బెడ్‌పాన్ పెట్టబోయి చంకకర్ర జారి, తనే దాని పక్కన కూలబడ్డాడు. వార్డంతా నవ్వింది. ఆయాసం మనిషి నవ్వలేక దగ్గాడు. మూడో రోజుకు గంజి ఒలకకుండా తాగించాడు. అయిదో రోజు, పాదానికి కట్టు మారుస్తుంటే, తల తిప్పుకోకుండా మొదటినుంచి చివరిదాకా చూశాడు.

అంకమ్మ మాత్రం నిద్రపోయింది. పెళ్ళయ్యాక పగటిపూట పడుకోవడం అదే మొదలట. మూడు రోజులు నిద్రపోతూనే ఉంది. మేలుకున్నప్పుడల్లా భయంగా లేవబోయేది. తన నంబరు పట్టీ చూసుకుని, మళ్ళీ వాలిపోయేది.

ఆ తర్వాతి వారం బుధవారం మూల్యాంకన సంఘం వచ్చింది. అధ్యక్షులు డాక్టర్ త్రివిక్రమాచారి గారు. ఆయన వెంట నలుగురు, వాళ్ళ వెంట ఒక కెమెరా. సూపరింటెండెంట్ గారు వార్డు వార్డుకూ ముందు నడుస్తూ, రెండువేల అరవై గురించి ఉపన్యసించారు. త్రివిక్రమాచారి గారు తక్కువ మాట్లాడి ఎక్కువ తల ఊపే మనిషి. అలాంటివాళ్ళే ప్రమాదమని ఎస్తేరు రాణి గారు నా చెవిలో అన్నారు.

ఉమ్మడి వార్డుకు వచ్చేసరికి ఆయన ఆగారు. మంచం మీద అంకమ్మ కూర్చుని ఉంది, పాదానికి కట్టు. ఆమె వెనక యలమంద, విరిగిన కాలు మంచం పట్టె మీద చాపి, చంకకర్రలు గోడకు ఆనించి, ఆమె జుట్టు దువ్వుతున్నాడు. పన్నెండు రోజులుగా దువ్వెన పడని జుట్టు. నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో చిక్కే విడదీస్తున్నాడు.

త్రివిక్రమాచారి గారి కళ్ళు చిన్నవయ్యాయి. "ఏమ్మా," అన్నారు, "నిన్ను ఎవరు చూసుకుంటున్నారు?"

సూపరింటెండెంట్ గారి ముఖంలో నవ్వు బిగుసుకుపోయింది. మొగుడని ఒక్క మాట అంటే చాలు. అటెండెంట్లు సున్న అన్న అంకె పోతుంది. ఆ వెనకే షీట్లన్నీ విప్పుతారు. నూట ఇరవై తొమ్మిది మందినీ సాయంత్రానికల్లా గేటు బయట పెడతారు, మందులు మధ్యలో ఆపేసి.

అంకమ్మ నిదానంగా వెనక్కి తిరిగి యలమందను చూసింది. తర్వాత వరండా అంతా ఒకసారి చూసింది. మంచాల మీద, మంచాల కింద, అందరూ ఆమె వంకే చూస్తున్నారు.

"పక్క మంచం పేషెంటండీ," అంది. "ఎవరో నాకు తెలవదు. మనిషి మాత్రం మంచోడు."

త్రివిక్రమాచారి గారు చాలాసేపు ఆ ఇద్దరినీ చూశారు. తర్వాత తల ఊపి, నోటు పుస్తకంలో "రోగుల మధ్య అపరిచిత సౌహార్దం, ప్రశంసనీయం" అని రాసుకున్నారు. నమూనాను మరో ఏడాది కొనసాగించవచ్చని అక్కడికక్కడే చెప్పారు. కెమెరా ఒక ఫోటో తీసింది. సంఘం మెట్లు దిగి వెళ్ళిపోయింది.

యలమంద చేతిలో దువ్వెన ఇంకా అలాగే గాల్లో ఉంది.

"ఏమే," అన్నాడు మెల్లగా. "ఇందాక అన్నావే, మంచోడని. నిజంగానే అన్నావా?"

అంకమ్మ జుట్టు భుజం మీదికి లాక్కుని చూసుకుంది.

"ఆడ కింద ఇంకో చిక్కుంది," అంది. "ముందు అది తియ్యి. ఆలోచించి చెబుతా."